నడివయసులో వయొలిన్: రెండు చేతులకూ సాధన అమర్చుకునే పద్ధతి

చెన్నైలో ఉద్యోగాలు చేసుకుంటూ, ముప్ఫై నలభై ఏళ్ల వయసులో కర్ణాటక వయొలిన్ మొదలుపెట్టిన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. మైలాపూరులోనో నంగనల్లూరులోనో గురువుగారి ఇంటికి వారానికి ఒకటి రెండుసార్లు వెళ్లి, మిగతా రోజుల్లో ఇంట్లో సాధన చేసుకునే వీరి నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది: "ఇంట్లో బాగానే వచ్చిందండీ, గురువుగారి ముందు కూర్చుంటే రావడం లేదు." దీనికి భయమే కారణమని సరిపెట్టుకుంటారు. భయానికి కొంత పాత్ర ఉంటే ఉండవచ్చు గానీ, ఎక్కువసార్లు అసలు కారణం సాధన చేసిన తీరులోనే ఉంటుంది. ఒకే వరుసను ఇరవైసార్లు వాయించాక ఇరవై ఒకటోసారి చక్కగా పలికిందంటే అది ఆ పూటకు వచ్చిన సౌలభ్యం మాత్రమే. మర్నాడు పొద్దున, ఏ సన్నాహమూ లేకుండా, మొట్టమొదటిసారి వాయించినప్పుడు ఎంత పలికిందో అంతే చేతికి వచ్చినట్టు. సాధనను ఈ రెండోదాని కోసం అమర్చుకోవాలి. కింద రాసినదంతా ఆ అమరిక గురించే.

ఈ తేడాను స్పష్టంగా చూపిన ప్రయోగం 1979లో వెలువడింది. షే, మోర్గన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు, చిన్న చెక్క అడ్డులను చేత్తో ఒక నిర్ణీత క్రమంలో పడగొట్టే మూడు రకాల కదలికలను రెండు జట్లకు నేర్పారు. ఒక జట్టు మొదటి రకాన్ని పూర్తిగా ముగించి రెండోదానికి, దాన్ని ముగించి మూడోదానికి వెళ్లింది. రెండో జట్టు మూడింటినీ కలగాపులగంగా చేసింది. నేర్చుకుంటున్నంతసేపూ మొదటి జట్టే వేగంగా ఉంది. కానీ పది నిమిషాల తర్వాత ఒకసారి, పది రోజుల తర్వాత ఇంకోసారి పరీక్షిస్తే, కలగలిపి చేసినవారే ముందున్నారు. మనం ఇంట్లో చేసేది సాధారణంగా మొదటి జట్టు పద్ధతి, గురువుగారు పెట్టేది రెండో జట్టు నెగ్గిన పరీక్ష.

కాబట్టి మొదటి మార్పు ఇది. ఒక పూట సాధనకు తొలి పాఠాల్లోని మూడు రకాల స్వర వరుసలు తీసుకోండి: ఒక సరళీ స్వరం, ఒక జంట స్వరం, ఒక అలంకారం. ప్రతిదాన్నీ వరుసగా రెండుసార్లకు మించి వాయించకుండా, ఒకదాని నుంచి ఇంకోదానికి మారుతూ, మళ్లీ మొదటిదానికి తిరిగి రండి. తిరిగి వచ్చిన ప్రతిసారీ చేయి ఆ వరుసను కొత్తగా గుర్తు తెచ్చుకుని, కొత్తగా అమర్చుకోవలసి వస్తుంది. ఆ శ్రమే మనకు కావలసింది. ఇలా చేసినప్పుడు ఆ పూట సాధన అసంతృప్తిగా అనిపిస్తుంది, తప్పులు ఎక్కువ దొర్లుతాయి, దానికి నిరుత్సాహపడకూడదు. అయితే ఆ రోజే నేర్చుకున్న పూర్తిగా కొత్త వరుసకు మాత్రం దారి తెలిసేదాకా కాసేపు విడిగా వాయించుకోవడం అవసరం. స్వరస్థానాలే తెలియని దశలో కలగలిపితే చేతికి మిగిలేది గందరగోళమే.

కుడిచేయి

నాదం కమాను (తీగ మీద లాగే బద్ద) దగ్గర పుడుతుంది కాబట్టి కుడిచేతి గురించి కొంచెం విపులంగా చెప్పాలి. భుజం నుంచి మణికట్టు దాకా చేతికి ఏడు రకాల కదలికలున్నాయి: భుజం దగ్గర మూడు, మోచేతి వంపు ఒకటి, ముంజేయి తిరగడం ఒకటి, మణికట్టు దగ్గర రెండు. వేళ్ల కదలికలు వీటికి అదనం. ఇన్నింటిని ఒకేసారి అదుపు చేయడం కొత్తవారికి సాధ్యం కాదు గనక, తమకు తెలియకుండానే సగం కీళ్లను బిగించేసి, భుజం ఒక్కదానితో చేయి మొత్తాన్ని ఊపుతారు. అప్పుడు కమాను తిన్నగా సాగక వంపు తిరుగుతుంది, ఒకసారి బ్రిడ్జి (తీగలను ఎత్తి పట్టే చెక్క) వైపు, ఒకసారి ఫింగర్‌బోర్డు (వేళ్లు నొక్కే పలక) వైపు జారుతుంది, మొదట గట్టిగా పలికిన స్వరం మధ్యలోనే పలచబడుతుంది. ఇది లోపం కాదు, నేర్చుకునే క్రమంలో ఒక దశ. ఏ కీలును ఎప్పుడు వదులు చేయాలో తెలుసుకుంటూ ఈ దశను దాటాలి.

1920లలో మాస్కోలోని కేంద్ర శ్రమ సంస్థలో నికొలాయ్ బెర్న్‌స్టైన్ అనే శాస్త్రవేత్త, ఉలి మీద సుత్తితో కొట్టే అనుభవజ్ఞులైన కార్మికుల చేతులకు చిన్న దీపాలు అమర్చి వారి కదలికలను ఫొటోలు తీశారు. సుత్తి దాదాపు ఒకే చోట పడుతున్నా, భుజమూ మోచేయీ మణికట్టూ మాత్రం ఏ రెండు దెబ్బలకూ ఒకే దారిలో వెళ్లలేదు. ఒక కీలు కాస్త అటూ ఇటూ అయితే ఇంకో కీలు దాన్ని అప్పటికప్పుడు సరిదిద్దుతోంది. నైపుణ్యమంటే ఒకే కదలికను అచ్చుగుద్దినట్టు మళ్లీ మళ్లీ చేయడం కాదనీ, ఒకే సమస్యను ప్రతిసారీ కొత్తగా పరిష్కరించడమనీ ఆయన తేల్చారు. వయొలిన్‌కు ఇది అక్షరాలా వర్తిస్తుంది. మారకుండా ఉండవలసింది కమాను తీగను తాకే చోటు. మోచేయి ఎంత ఎత్తున ఉండాలన్నది తీగను బట్టి, వేగాన్ని బట్టి, కూర్చున్న తీరును బట్టి మారుతూనే ఉంటుంది.

సాధన ఇలా చేయండి. కమాను పొడవు సుమారు 75 సెంటీమీటర్లు. దాన్ని మనసులో రెండు సగాలుగా అనుకోండి. పట్టు వైపు సగంలో పై చేయి ఎక్కువగా కదులుతుంది. కొస వైపు సగంలో మోచేయి తెరుచుకోవడం, ముడుచుకోవడమే ఎక్కువ. ముందు ఖాళీ తీగ మీద, అంటే వేలు ఏదీ ఆనించకుండా, కొస వైపు సగంతో మాత్రమే, పై చేతిని కదపకుండా, నాలుగు అక్షరాలకు (తాళంలోని లెక్కలకు) ఒక లాగు చొప్పున వాయించండి. తర్వాత పట్టు వైపు సగంతో. ఆ తర్వాతే మొత్తం కమాను. ఒక సగం నుంచి ఇంకో సగానికి మారే చోట, సరిగ్గా కమాను నడుమ, నాదంలో చిన్న కుదుపు వినిపిస్తుంది; ఒక కీలు పని ఆపి ఇంకో కీలు అందుకునే చోటు అదే. అక్కడ కొస వైపు రెండంగుళాలు, పట్టు వైపు రెండంగుళాలు, ఆ నాలుగంగుళాల మేరలోనే నెమ్మదిగా ముందుకూ వెనక్కూ లాగుతూ కుదుపు తగ్గేదాకా వినండి. పొడవాటి లాగులను గంటలకొద్దీ లాగడం కంటే ఈ చిన్న మేరలో పది నిమిషాలు శ్రద్ధగా పనిచేయడం ఎక్కువ ఫలితమిస్తుందని నా గట్టి నమ్మకం.

బరువు సంగతి కూడా చూడాలి. కమాను బరువు దాదాపు 60 గ్రాములే అయినా, పట్టు దగ్గర ఆ బరువు తీగ మీద ఎక్కువగా పడుతుంది, కొస దగ్గర చాలా తక్కువ పడుతుంది. నాదం మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉండాలంటే పట్టు దగ్గర చిటికెనవేలు కమానును కొంచెం తేలిక చేయాలి, కొస వైపు వెళ్లేకొద్దీ ముంజేయి లోపలికి తిరిగి చూపుడువేలి ద్వారా ఒత్తిడి ఇవ్వాలి. ఒత్తిడి ఎక్కువై కమాను నెమ్మదిస్తే గీరుతున్న శబ్దం వస్తుంది; ఒత్తిడి చాలక వేగం ఎక్కువైతే గాలి శబ్దం వస్తుంది. ఒక పూట కావాలని రెండు శబ్దాలనూ తెప్పించి, వాటి నడుమ మంచి నాదం ఎక్కడుందో వెతకండి. అటూ ఇటూ హద్దులు తెలిస్తేనే చేతికి నడిమి దారి తెలుస్తుంది.

ఈ సమయంలో దృష్టి ఎక్కడ పెట్టాలన్నది ముఖ్యమైన ప్రశ్న. 1990ల చివరి నుంచి గాబ్రియేలె వుల్ఫ్ తదితరులు చేసిన అధ్యయనాల్లో, తమ శరీరభాగం మీద దృష్టి పెట్టినవారి కంటే, కదలిక వల్ల బయట కలిగే ఫలితం మీద దృష్టి పెట్టినవారే మెరుగ్గా నేర్చుకోవడం అనేక రకాల పనుల్లో కనిపించింది. గురువుగారు "మోచేయి దించు" అన్నప్పుడు తప్పక దించాలి. ఆయన బయటి నుంచి చూడగలరు. ఇంట్లో ఒంటరిగా వాయించేటప్పుడు మాత్రం మోచేతిని తలచుకుంటూ కూర్చోకండి. కమాను తీగను తాకే చోటునూ, అక్కడి నుంచి వచ్చే నాదాన్నీ పట్టుకోండి. మోచేయి తన చోటును తాను వెతుక్కుంటుంది.

ఎడమచేయి

మన పద్ధతిలో నేల మీద కాళ్లు మడిచి కూర్చుని, వయొలిన్ తలభాగాన్ని కుడి చీలమండ మీద ఆనించుకుంటాం కాబట్టి, వాద్యం బరువు ఎడమచేతి మీద పడదు. గమకాల (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం) కోసం చేయి తీగ వెంట స్వేచ్ఛగా జారడానికే ఈ ఏర్పాటు. అయినా చాలామంది బొటనవేలితో మెడను గట్టిగా పట్టుకుంటారు. వాయిస్తూ వాయిస్తూ బొటనవేలిని ఒక్క క్షణం పైకి ఎత్తి చూడండి. ఎత్తలేకపోతే పట్టు బిగిసిందన్నమాట.

వేళ్లను వంచి చాచే ప్రధాన కండరాలు వేళ్లలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. అక్కడి నుంచి స్నాయువులు మణికట్టు మీదుగా వేళ్లకు వెళతాయి. కొన్ని వేళ్ల స్నాయువులకు ఒకదానితో ఒకటి ముడి ఉంది. అరచేతిని బల్ల మీద ఆనించి, మధ్యవేలిని లోపలికి మడిచి, ఉంగరపువేలిని ఎత్తడానికి ప్రయత్నించండి: అది దాదాపు కదలదు. కాబట్టి ఉంగరపువేలు మధ్యవేలిని వెంట లాగుతోందని విసుక్కోవద్దు. దాన్ని ఎత్తుగా లేపి బలంగా కొట్టే ప్రయత్నం మానేసి, వేళ్లన్నింటినీ తీగకు అతి దగ్గరగా ఉంచి తక్కువ కదలికతో పని జరిపించడమే మార్గం. ముంజేతిలో మంట గానీ, వేళ్లలో తిమ్మిరి గానీ, మెడలో నొప్పి గానీ వస్తే వెంటనే ఆపండి. అవి తిరిగి తిరిగి వస్తుంటే వైద్యుడిని కలవండి.

వీణకున్నట్టు వయొలిన్‌కు స్వరస్థానాలు చూపే మెట్లు లేవు. తీగ పొడవు సగానికి వచ్చేసరికి పై షడ్జం పలుకుతుంది, అక్కడి నుంచి స్వరాల మధ్య దూరాలు కూడా సగమైపోతాయి. చేయి దూరం వెళ్లి చిన్న గురి మీద ఆగాలంటే ఎక్కువ సమయం పడుతుందని 1954లో పాల్ ఫిట్స్ కొలిచి చూపారు; తారస్థాయికి ఎగబాకే చోట వేలు తడబడటానికి కారణం ఇదే, దూరం పెరిగి గురి చిన్నదైంది. అలాంటి చోట బయలుదేరే స్వరాన్ని కొద్దిగా ముందే వదిలి, చేయి మొత్తంగా మోచేతి నుంచి కదలాలి, వేలు ఒక్కటే సాగకూడదు. కొత్తలో ఫింగర్‌బోర్డు మీద గుర్తులు అంటించుకుంటే తప్పులేదు గానీ, నెల రెండు నెలల్లో తీసేయాలి, లేకపోతే కన్ను ఆ పని చేస్తున్నంతకాలం చెవీ చేయీ దాన్ని నేర్చుకోవు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారికి చిన్ననాటి నుంచీ చూపు మందం. ఆయన కమాను నాదానికీ స్వరశుద్ధికీ దక్షిణాది అంతా తలవంచింది. రోజూ కొన్ని నిమిషాలు కళ్లు మూసుకుని వాయించడం అలవాటు చేసుకోండి.

స్వరం సరిగా ఉందో లేదో ఫోనులో చూపే ట్యూనర్ యాప్ విషయంలోనూ ఇదే సూత్రం. ప్రతి ప్రయత్నానికీ ఫలితం చెప్పించుకున్నవారి కంటే, సగం ప్రయత్నాలకే చెప్పించుకున్నవారు తర్వాతి పరీక్షలో మెరుగ్గా చేసినట్టు విన్‌స్టైన్, ష్మిట్ 1990లో ప్రచురించారు. తంబూరా శ్రుతి ఎప్పుడూ మోగుతూ ఉండాలి. ట్యూనర్ మాత్రం మూసి ఉంచాలి. స్వరాన్ని పలికించి, హెచ్చా తగ్గా అని ముందు మీరే తీర్పు చెప్పుకుని, ఆ తర్వాత అప్పుడప్పుడూ సరిచూసుకోండి.

రెండు చేతులూ కలిసినప్పుడు

రెండు చూపుడువేళ్లనూ ఒకేసారి కుడికి, ఒకేసారి ఎడమకు కదుపుతూ వేగం పెంచుతూ పోండి. ఒక దశ దాటాక, మీ ప్రమేయం లేకుండానే, రెండూ ఎదురెదురుగా దగ్గరకొస్తూ దూరమవుతూ కదలడం మొదలుపెడతాయి. స్కాట్ కెల్సో 1984లో వివరంగా ప్రచురించిన పరిశీలన ఇది. వేగం పెరిగేకొద్దీ రెండు చేతులూ సులువైన జంట కదలికలోకి జారిపోతాయి. ఒకే లాగులో నాలుగు స్వరాలు వాయించవలసి వచ్చినప్పుడు ఎడమచేతి వేలు పడిన ప్రతిసారీ కమాను కూడా చిన్నగా అదిరితే, జరుగుతున్నది అదే రకం ఇబ్బంది.

దీనికి వైద్యం మూడు మెట్లుగా ఉంటుంది. మొదట స్వరాలను నోటితో పాడుతూ, ఖాళీ తీగ మీద కమానును మాత్రం నాలుగు అక్షరాల లాగుగా లాగండి. రెండోది, కమాను కింద పెట్టి, పాడుతూ ఎడమచేతి వేళ్లను మాత్రం తీగ మీద నడిపించండి. మూడోది, రెండూ కలిపి, అదురు మొదలయ్యే వేగానికి కొంచెం తక్కువలో వాయించండి. అదురుతున్న వేగంలోనే పదేపదే వాయిస్తే అదురునే సాధన చేసినట్టవుతుంది. ఆ తర్వాత అదే వరుసను స్వరానికో లాగు, రెండు స్వరాలకో లాగు, నాలుగింటికో లాగు, మూడింటికో లాగు అని మార్చి మార్చి వాయించండి. మూడింటి లాగులో కమాను మలుపు ప్రతిసారీ వేరే వేలి మీద పడుతుంది గనక, రెండు చేతులకూ ఉన్న ముడి వదులు కావడానికి అది బాగా ఉపకరిస్తుంది.

గీతాలకూ కృతులకూ వచ్చేసరికి తెలుగువారికి ఒక మేలు ఉంది, దాన్ని వదులుకోవద్దు. కర్ణాటక సంగీతంలో సాహిత్యం చాలా భాగం మన భాషలోనే ఉంది. పదం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఏ అక్షరం దీర్ఘమో మనకు చెప్పనక్కరలేదు. కమాను మలుపులను ఆ పదాల విరుపుల మీద ఉంచి, పదం మధ్యలో తెగకుండా చూసుకోండి. సాహిత్యం నోటికి వచ్చాకే వయొలిన్ అందుకుంటే, రెండు చేతులనూ విడివిడిగా తలచుకోవలసిన పని తగ్గి, ఒక్క పాటనే రెండు చేతులూ అనుసరిస్తాయి.

కాలం పెంచడం

నిమిషానికి అరవై అక్షరాల నడకలో మొదటి కాలంలో సెకనుకు ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు పడతాయి. మూడో కాలంలో ఒక్కో స్వరానికి దక్కేది పావు సెకను. తప్పు స్వరాన్ని చెవి పట్టుకుని, చేయి దిద్దుకునేసరికి దాదాపు అంత సమయమూ అయిపోతుంది. మొదటి కాలంలో స్వరం పలుకుతుండగానే దిద్దుకోవచ్చు. మూడో కాలంలో నాలుగైదు స్వరాల గుత్తిని ముందే సిద్ధం చేసుకుని ఒకేసారి వదలాలి. ఇవి రెండూ వేర్వేరు పనులు. అందుకే నెమ్మదిగా ఎంత వాయించినా వేగం దానంతట అది రాదు, వేగంగా మాత్రమే వాయిస్తే శుద్ధి రాదు. నాలుగు స్వరాలను మాత్రం మూడో కాలంలో వాయించి, పూర్తిగా ఆగి, చేతులు వదులు చేసి, తర్వాతి నాలుగు వాయించండి. అవి కుదిరాక మొదటి నాలుగు చివరి స్వరాన్నీ రెండో నాలుగు మొదటి స్వరాన్నీ అతికించండి. అతుకుల దగ్గరే తడబాటు ఉంటుంది, సాధన కూడా అక్కడే ఎక్కువ కావాలి.

రోజులో ఎంతసేపు

1978లో బ్యాడ్లీ, లాంగ్‌మన్ ప్రచురించిన అధ్యయనంలో, బ్రిటిష్ పోస్టాఫీసు ఉద్యోగులు టైపింగ్ కీబోర్డు నేర్చుకునేటప్పుడు, రోజుకు ఒక్క గంట చొప్పున నేర్చుకున్నవారు, రోజుకు రెండేసి గంటలు రెండుసార్లు నేర్చుకున్నవారి కంటే తక్కువ మొత్తం గంటల్లోనే అదే స్థాయికి చేరారు. వారమంతా ఓఎంఆర్ (చెన్నైలో ఐటీ కంపెనీలుండే రోడ్డు) ఆఫీసులో గడిపి, ఆదివారం మూడు గంటలు కూర్చునే పద్ధతి అందుకే ఫలించదు. పొద్దున ఇరవై నిమిషాలు, రాత్రి ఇరవై నిమిషాలు చాలు. అపార్ట్‌మెంటులో పొరుగువారికి ఇబ్బంది అనుకుంటే బ్రిడ్జికి రబ్బరు మ్యూట్ తగిలించుకోండి. నాదం తగ్గుతుంది గానీ చేతుల పని మారదు. ఉక్కబోత రోజుల్లో కమాను వెంట్రుకలు సాగి వదులవుతాయి, తీగలు బిగించే బిరడాలు ఉబ్బి బిగుస్తాయి. వాయించే ముందు కమాను బిగింపు చూసుకుని, అయిపోయాక తప్పక వదులు చేయండి. చెమటకు వేలు జారకపోతే చిటికెడు పౌడరు రాసుకుంటారు కొందరు.

పొద్దున మొదటి ప్రయత్నాన్ని ఫోనులో రికార్డు చేసి, తేదీ వేసి ఉంచండి. ఎదుగుదలను దాంతోనే కొలవాలి, రాత్రి చివరి ప్రయత్నంతో కాదు. వరుసగా మూడు రోజులు పొద్దున ఒకే చోట తప్పితే, ఆ చోటును గుర్తు పెట్టుకుని గురువుగారి దగ్గరికి తీసుకువెళ్లి, "ఈ రెండు స్వరాల మధ్య నా చేయి చూడండి" అని అడగండి. అంత నిర్దిష్టంగా అడిగితే ఆయనా అంత నిర్దిష్టంగా దిద్దగలుగుతారు.

మార్గళి మాసంలో (డిసెంబరు, జనవరి) చెన్నై సంగీత సభలు చాలావరకు మధ్యాహ్నపు కచేరీలను ఉచితంగానే పెడతాయి. వేదికకు పక్కగా, వయొలిన్ విద్వాంసుల కుడిచేయి కనిపించే చోట కూర్చుని, కమాను దిశ మారడానికి ముందు మోచేయీ మణికట్టూ ఎలా సిద్ధపడుతున్నాయో చూడండి. ఇంటికి వచ్చిన వెంటనే అదే పొడవు లాగును ఖాళీ తీగ మీద ప్రయత్నించండి.

ఆ వెంటనే సంక్రాంతికి ఊరెళ్లి వారం పది రోజులు వయొలిన్ ముట్టని రోజులు వస్తాయి. తిరిగొచ్చాక మొదటి పావుగంట ఏదీ సరిగా పలకదు. నేర్చుకున్నది పోలేదు, వేలి దూరాలూ కమాను ఒత్తిడీ మళ్లీ సరిపడటానికి కొంత సమయం కావాలి. ఆ పావుగంటలో కొత్త పాఠం తీయవద్దు, పాత పాఠం పోయిందని మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవద్దు. శ్రుతి పెట్టి, నాలుగు తీగల మీదా పొడవాటి లాగులు లాగి, మొదటి కాలంలో ఒక సరళీ స్వరం, ఒక అలంకారం వాయించి, ఊరికి వెళ్లే ముందు రోజు ఏ వరుసలో ఆపారో అక్కడే అందుకోండి.